పందొమ్మిది పచ్చి ఫొటోలు

ఆరో గని, ఫొటోగది రిజిస్టరు. దిగిన డెబ్బై ఒకటో ఏడు. రాస్తున్నది లస్మక్క.

సభకు పన్నెండు రోజులు

సాఫ్ట్‌వేర్ చచ్చిపోయింది. నేను చంపలేదు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే పంపుల దగ్గర నిలబడి ముచ్చట్లు పెట్టేవాళ్లు రేపు నా పేరే చెప్తారు. డిస్కులోకి తడి చేరి, 'వెలుగు' అనే ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న భాగం పాడైంది. మిగతా మిషన్ బాగానే ఉంది. కెమెరా కార్డులు ఇనప డబ్బాలో పొడిగా ఉన్నాయి.

ఈ ఏటి ఫొటో నిన్ననే తీశాం. ఏడాదికి ఒక్కసారి, పైన గాలి పాడై మా పెద్దలు ఈ గనిలోకి దిగిన రోజున, కెమెరాను పొడుగాటి ఇనప గడకు కట్టి, మోరి అనే నిలువు దారి గుండా నేల మీదికి ఎత్తుతాం. కన్నెత్తడం అంటాం దాన్ని. పైన మూత పది నిమిషాలకు మించి తెరవకూడదని, అంతసేపూ మేం కింది తలుపు మూసుకుని ఉండాలని నియమం. ఆ పది నిమిషాల్లో ఒక్క ఫొటో. అయితే కెమెరా ఇచ్చేది బొమ్మ కాదు, పచ్చి ఫైలు. ఎక్కడ ఎంత వెలుగు పడిందో చెప్పే అంకెల కుప్ప. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి కడిగితేనే బొమ్మ తేలుతుంది.

ఇప్పుడు పచ్చి ఫైలు ఉంది, కడగడానికి ఏమీ లేదు. పన్నెండు రోజుల్లో సభ ఉంది. ఫొటోలో ఈసారి కూడా ఏమీ మొలవని చవుడే కనిపిస్తే మోరిని కాంక్రీటుతో పూడ్చేస్తారు. దాని గుండా నీళ్లు కారుతున్నాయి, దాని ఇనుము పంపులకు కావాలి. గాలి కొలిచే మిషన్ పాడై ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి బయట ఎలా ఉందో చెప్పేది నా ఫొటో ఒక్కటే. పూడ్చాక ఇక మన జన్మలో పైకి దారి లేదు.

సభ పెద్ద రాజేశం బాపు చీటీ పంపాడు. స్టోరులో పాత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట, ఒకటి ఎంచుకోవాలట. ఏది ఎంచుకున్నానో, కారణం ఏమిటో ఈ రిజిస్టరులో రాయాలట. కింద జాగా వదిలాను.

ఎంచుకున్న సాఫ్ట్‌వేర్:
కారణం:

పదకొండు రోజులు

స్టోరు నుంచి మూడు చిప్పులు వచ్చాయి. పేర్లు: ముస్తాబు, కొత్త వెలుగు, జల్లెడ. డిస్కులో ఒకదానికే చోటుంది. ఒకటి ఎక్కించాలంటే ఇంకోటి తుడిచేయాలి. ఎక్కడానికే ఒక పూట పడుతుంది.

ముందు ముస్తాబు ఎక్కించాను. దాని పని నమ్మొచ్చా లేదా అని చూడాలి కదా. అందుకని కెమెరాకు మూత పెట్టి ఒక పచ్చి ఫైలు తీసి దానికిచ్చాను. అందులో చీకటి తప్ప ఏమీ లేదు. నిమిషం తిరక్కుండా తెర మీద నీలాకాశం, దూది మబ్బులు, పచ్చిక, ఆ పచ్చికలో నవ్వుతూ ఇద్దరు మనుషులు! ఎవరమ్మా మీరు, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు అని వాళ్లనే అడిగాను. ఆ ఆడమనిషికి చేతికి ఆరు వేళ్లున్నాయి.

అంత అందమైన ఫొటో నా జన్మలో చూడలేదు, ఒప్పుకుంటున్నాను. కాసేపు చూశాను కూడా. తర్వాత తుడిచేశాను.

పది రోజులు

రాజేశం బాపు గదికి వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, వంగకుండా నడుస్తాడు. ఎప్పుడూ అదే పాత అంగీ. వాళ్లన్న సాయన్నది అది. ముప్పై ఒక్క ఏళ్ల కింద సాయన్న, ఇంకొకతను మోరి ఎక్కి పైకి పోయారు, తిరిగి రాలేదు. ఆ తర్వాత మనిషిని పంపడం ఆపేశారు.

"మూడిట్ల ఏది తీస్కుంటున్నవ్ బిడ్డా?" అన్నాడు.

"ఇంకా చూస్తున్న బాపూ. ఒకటైతే అబద్ధాల పుట్ట, పక్కన పెట్టిన."

"చూసుడేంది? కొత్త వెలుగు తీస్కో. పాతదానికి చెల్లెలే కదా. పోయినేడు ఎట్లొచ్చిందో ఈయేడు గట్లనే వస్తది. అందరికి అర్థమైతది."

"గట్లనే రావాల్నని ముందే అనుకున్నంక ఇగ ఫొటో ఎందుకు బాపూ?"

నా నోరు ఊరుకోదు. ఆయన కోప్పడలేదు. మోరి వైపు చూసి, "నీ బిడ్డ సంగతి నాకెర్కే లస్మీ. కానీ మల్లొకర్ని పైకి పంపి, వాల్ల కోసం మోరి కింద కూసునే బలం నాకు లేదు" అన్నాడు. ఆయన వెళ్లాక చాలాసేపు పని చేయబుద్ధి కాలేదు.

నా బిడ్డ సంగతి కూడా రాయాలిక. పున్నికి ఏడేళ్లు. ఎముకలు మెత్తబడి కాళ్లు వంగుతున్నాయి. ఎండ తగలక వచ్చే జబ్బు. దవాఖానాలో ఎండదీపం ఒకటుంది, గని మొత్తానికి అదే ఆఖరిది. పదకొండు మంది పిల్లలు వంతులు వేసుకుని రోజుకు ఎనిమిదేసి నిమిషాలు దాని కింద కూర్చుంటారు. అది నెల రోజుల్లో ఆరిపోతుందని డాక్టరమ్మ తాహెరా చెప్పింది. తర్వాత ఏం చేయాలని అడిగితే ఆమె నా మొహం చూడలేదు.

బయట నేల బాగుంటే పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లొచ్చు. చవుడే ఉంటే ఇంతే. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ గోల నాకు ప్రాణం మీదికొచ్చింది.

ఎనిమిది రోజులు

నిన్న కొత్త వెలుగు ఎక్కించి చూశాను. అచ్చం అక్కలాగే పనిచేస్తుంది. ఫొటోలో తెల్లగుడ్డ ఎక్కడుందో చూపించమంటుంది, చూపిస్తే మిగతా రంగులన్నీ దాన్నిబట్టి సర్దుకుంటుంది. అందుకే కన్నెత్తేటప్పుడు కెమెరా ముందు ఒక తెల్లగుడ్డ కడతాం, అది కూడా ఫొటోలో పడుతుంది. నాకు పని నేర్పిన ఎల్లయ్య తాత చెప్పిన పద్ధతి: నడుమ గడ నీడ పడుతుంది కాబట్టి గుడ్డ పై మూలను చూపించాలి. చూపించాను.

వచ్చింది. పోయినేటి బొమ్మే. నేలంతా తెల్లగా పేరిన చవుడు, దాని మధ్య మైలుతుత్తం రంగులో నీలి మచ్చలు, అక్కడక్కడ నేరేడు రంగు మట్టి. లెన్సు గీతలు పడి ఉండటంతో ఏదీ దగ్గరగా తేరిపార చూడలేం, మచ్చలే కనిపిస్తాయి. పందొమ్మిదేళ్లుగా ఈ చవుడే, పోను పోను ఎక్కువవుతూ. తాత కాలంలో నేల ఎర్రగా, బోడిగా ఉండేది. నేను పనిలో చేరిన ఏడే చవుడు మొదలైంది. లస్మి చెయ్యి మంచిది కాదని అప్పట్లో కొందరు అన్నారు. నేను నలుగురితో పోట్లాడాను గానీ, లోపల నాకూ అదే అనుమానం.

ఇక దీన్నే ఖాయం చేసేద్దామనుకున్నాను. కానీ మూడోదాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే తాత ఆత్మ ఊరుకోదు. రేపు జల్లెడ.

ఏడు రోజులు

జల్లెడంత మొండి సాఫ్ట్‌వేర్ ఇంకోటి ఉండదు. తెరవగానే ఒక నల్లటి బొమ్మ, పక్కన ఇరవై గీతలు, ప్రతి గీత మీదా ఒక పూస. జరుపుకో అంటుంది, అంతే. ఏది ఎందుకో చెప్పదు. వెలుగు పూస జరిపితే బొమ్మ కొంచెం లేచింది. నీడల పూస జరిపితే ఇంకొంచెం. మధ్యాహ్నం దాకా ఇదే పని. అది తనంతట తాను ఏదీ కలపదు, ఏదీ దాచదు. మూత పెట్టి తీసిన ఫైలు ఇస్తే చీకటే చూపించింది. ఆ ఒక్కదానికి దాని మీద గౌరవం పుట్టింది.

ఇది తెల్లగుడ్డను అడగదు. ఈ కెమెరా తయారైన రోజున, పైన అసలు ఎండలో కొలిచి, దాని లోపల రాసిపెట్టిన అంకెలు కొన్ని ఉన్నాయట. వాటి ప్రకారం రంగులు వేస్తుంది. సరే కానీ అన్నాను.

రంగులు వచ్చాయి. నేను కుర్చీలోంచి లేచాను.

చవుడు లేదు. చవుడు ఉండాల్సిన చోటంతా పసుపుపచ్చ. నేల చివరిదాకా పసుపుపచ్చ. నీలి మచ్చలు ఆకుపచ్చగా ఉన్నాయి, నేరేడు రంగు మట్టి ఎర్రగా ఉంది, ఎల్లయ్య తాత ఫొటోల్లో ఉన్న ఎరుపే.

అందరికీ చెప్పాలని తలుపుదాకా పరిగెత్తాను. తర్వాత బుద్ధి వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్ తెలుపంటుంది, ఒకటి పసుపుపచ్చంటుంది. నా బిడ్డ కాళ్ల కోసం నాకు ఇష్టమైనదాన్ని నేను నమ్మితే, ఆరు వేళ్ల ఆడమనిషిని చూపించిన ముస్తాబుకూ నాకూ తేడా ఏముంది?

ఆరు రోజులు

సాయంత్రం పున్నిని ఎత్తుకుని దవాఖానా నుంచి వస్తున్నాను. "అమ్మా, ఇయ్యాల ఫొటోల ఏమున్నది?" అని రోజూ అడిగే మాటే అడిగింది.

"పసుపుపచ్చగ ఉన్నదే."

"పసుపుపచ్చ అంటే ఎట్లుంటది?"

గనిలో దీపాలన్నీ ఒకటే రకం. ఆ వెలుగులో రంగులుండవు, ముదురూ లేతా మాత్రమే. అగ్గి ముట్టించడం గనిలో ఎలాగూ నిషేధం. రంగులున్నది నా గదిలో తెర మీదే. పెళ్లయిన కొత్త జంటలు వచ్చి ఎరుపు చూపించమని అడుగుతారు. చూపిస్తాను, నోరు తెరుచుకుని చూసి వెళ్తారు. అందుకని పున్నిని కూడా గదికి తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాను.

అది చూసి చూసి వేలు పెట్టి అడిగింది: "గీ గుడ్డ సుత గదే రంగున్నదేంది?"

"గుడ్డ తెల్లగ ఉంటదే పిచ్చిదానా."

"నడుమల తెల్లగనే ఉన్నది. మూలలకు లేదు."

వంగి చూశాను. ఫొటో కింది భాగంలో మా తెల్లగుడ్డ. నడుమ తెలుపు. నాలుగు మూలలా నాలుగు బొట్లంత పసుపుపచ్చ. వెంటనే పాత ఏళ్ల కడిగిన బొమ్మలు తెర మీద తెరిచాను. వాటిలో మూలలు తెల్లగా, నడుమ నీలంగా ఉంది. ఆ నీలాన్ని పందొమ్మిదేళ్లుగా గడ నీడ అనుకున్నాను.

ఒక సాఫ్ట్‌వేర్ ప్రకారం గుడ్డ మూలలు తెలుపు, ఇంకోదాని ప్రకారం నడుమ తెలుపు. బయట నేల ఏ రంగో గనిలో ఎవరికీ తెలియదు. కానీ ఈ ఫొటోలో ఉన్నవాటిలో ఒక్కటి మాత్రం నా పెట్టెలో ఉంది. తీసి గది దీపం కింద పరిచాను. మూలలూ నడుమా ఒక్కలాగే ఉన్నాయి. ఈ దీపం ఏం చెప్తుంది నా మొహం!

గనిలో అసలు వెలుగు ఉన్నది ఒక్కచోటే.

ఐదు రోజులు

ఎండదీపం గదిలోకి పెద్దవాళ్లు పోకూడదు. పిల్లలు కూడా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటారు. డాక్టరమ్మ బయటి నుంచి తలుపు బిగించి మీట నొక్కుతుంది. నేను గుడ్డ పట్టుకుని వెళ్లి నిమిషం వెలిగించమన్నాను.

"నీకేమన్న దిమాగున్నదా లస్మక్కా?" అంది తాహెరా. "ఈ దీపం నిమిషాలు లెక్కవెట్టి పంచుతున్న. నీ గుడ్డకు ఎవ్వరి వంతు కొయ్యాలె?"

బెంచీ మీద నుంచి పున్ని అంది: "నాది కొయ్యి డాక్టరమ్మా. ఇయ్యాల నాకు ఇంపుగ లేదు."

అబద్ధం. దీపం కింద కూర్చోవడమంటే దానికి ప్రాణం, వెచ్చగా ఉంటుందని. తాహెరా దాన్నీ నన్నూ చూసి తలుపు తీసింది. పున్నిని కూడా లోపలికి తోసి, "ఇద్దరు కూసోండ్రి. వంతు పోదు, గుడ్డ పని అయితది. కల్లద్దాలు మాత్రం తియ్యకు అక్కా" అంది.

తీశాను. తీయకపోతే రంగు ఎలా కనిపిస్తుంది?

ముందు కళ్లు చెమర్చి ఏమీ కనబడలేదు. తర్వాత నా చీర కనిపించింది. అది ఎర్రది. ఆరేళ్లుగా కట్టుకుంటున్నాను, ఎర్రదని నాకు తెలియదు. ఎరుపు చూపించమని వచ్చినవాళ్ల ముందు ఎరుపు కట్టుకునే నిలబడ్డాను. పున్ని పెదాలు లేత గులాబి రంగు. దాని జుట్టు నలుపు కాదు, తుప్పు రంగు ఉంది అంచుల్లో. నా బిడ్డను ఏడేళ్ల తర్వాత మొదటిసారి చూసినట్టు చూశాను. గుడ్డ సంగతే మరిచిపోయాను.

"అమ్మా, గుడ్డ!" అంది అది, కళ్లు మూసుకునే.

విప్పాను. నడుమ తెలుపు. మూలలు పసుపు. నా కుడి చేతి ఉంగరం వేలి కొస కూడా పసుపు.

అప్పుడు అర్థమైంది. పందొమ్మిదేళ్ల కింద తాత కళ్లు మసకబారి పని నాకు అప్పగించినప్పుడు పాత గుడ్డ పీలికలై ఉంది. కొత్తది కత్తిరించి ఇచ్చాడు. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఎవరైనా వాడతారా? నాలుగు మూలలా బొట్టు పెట్టాను. మంచి జరగాలని ప్రతి ఏడూ కన్నెత్తే ముందు మళ్లీ పెట్టాను, ఈ ఏడు కూడా. గని దీపాల కింద అది కనబడదు. ఆ మూలనే తెలుపని సాఫ్ట్‌వేర్‌కు చూపించాను. పసుపును తెలుపనుకున్న సాఫ్ట్‌వేర్ బయటున్న పసుపుపచ్చనంతా తెల్లగా కడిగేసింది, మిగతావాటిని నీలంలో ముంచింది. గనిలో రంగులు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. పసుపు పసుపుగా ఉంటుందని నాకే తోచలేదు.

చవుడు బయట లేదు. నా వేలి కొసన ఉంది.

మూడు రోజులు

ఎల్లయ్య తాత ఒక మాట పదే పదే చెప్పేవాడు: కడిగిన బొమ్మ పోయినా పర్వాలేదు, పచ్చి ఫైలు మాత్రం పోగొట్టకు. ఆ ముసలాయన కాళ్లు మొక్కాలి. ఇనప డబ్బాలో పందొమ్మిది కార్డులు, పందొమ్మిది పచ్చి ఫైళ్లు. కడగడంలో నేను ఎన్ని తప్పులు చేసినా వాటికి అంటలేదు. ఆ రోజు కెమెరా మీద పడిన వెలుగు పడినట్టే ఉంది.

రెండు రోజులుగా ఒక్కొక్కటే జల్లెడలో వేసి కడిగాను. అన్నం పక్కన పెట్టినది పెట్టినట్టే ఉంది.

మొదటి ఏడు: ఎర్ర నేల, మోరి పక్కన వేలెడంత పసుపుపచ్చ మచ్చ ఒక్కటి. ఆ మచ్చను అప్పట్లో 'చవుడు మొదలు' అని ఇదే రిజిస్టరులో రాశాను, నా చేతి రాతే. రెండో ఏడు: అలాంటివి నాలుగు. ఐదో ఏడు: గట్టు పొడుగునా ఒక చార. తొమ్మిదో ఏడు వానలు లేవేమో, సగం తగ్గిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఎప్పుడో పదేళ్ల కింద జరిగినదానికి! పదో ఏడు మళ్లీ లేచింది. పద్నాలుగో ఏడు ఎర్ర మట్టి అక్కడక్కడ మాత్రమే మిగిలింది. ఈ ఏడు, అంచు నుంచి అంచుదాకా.

అన్నిటినీ తెర మీద వరుసగా పేర్చి, వెనక్కి జరిగి చూశాను. ఎవరూ విత్తలేదు. ఎవరూ నీళ్లు పెట్టలేదు. మేం కింద కూర్చుని చవుడు చవుడు అని తిట్టుకుంటుంటే, అది తన మానాన తాను ఏడేడూ పాక్కుంటూ మా నెత్తి మీదిదాకా వచ్చింది. తెర ముందు నేల మీదే కూర్చుండిపోయాను.

సభ రోజు

అంతా చెప్పాను. గుడ్డ చూపించాను, వేలు చూపించాను. తప్పు నాదేనని రెండుసార్లు చెప్పాను, ఒకసారి చెప్తే కొందరికి వినబడలేదు.

గోల గోల అయింది. పందొమ్మిదేళ్లు మమ్మల్ని కింద కూసోబెట్టినవా అని ఒకామె మీదికొచ్చింది. కొట్టినా పడేదాన్ని. రాజేశం బాపు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"నీ కొత్త సాఫ్ట్‌వేర్ సుత తప్పు కాదని ఏంది నమ్మకం?"

"నన్ను నమ్మకు బాపూ. గుడ్డ పట్టుకొని దీపం అర్రలకు పో. నీ కల్లతో చూడు."

నిమిషానికి మించకుండా చూసుకుంటానని తాహెరా ఒప్పుకుంది. ఆయన ఒక్కడే లోపలికి వెళ్లాడు. నిమిషం అయింది. తలుపు తీస్తే గుడ్డ ఒళ్లో పెట్టుకుని, దాన్ని చూడకుండా, తన చొక్కా చేతిని వెలుగుకేసి పట్టి చూసుకుంటున్నాడు.

"నీలంది" అన్నాడు. "సాయన్న చెప్పేటోడు, నా అంగీ నీలంది తమ్మీ అని. నేను నవ్వేటోన్ని, నీలం నీకెట్ల ఎరుకనే అన్నా అని." తర్వాత కళ్లు తుడుచుకుని గుడ్డ మూల చూశాడు. తల ఊపాడు.

మోరి పూడ్చడం ఆగింది. కానీ ఆకుపచ్చగా ఉన్నంత మాత్రాన గాలి మంచిదని లేదు, ఎవరో ఒకరు పోయి చూడాలి. ఎవరని ఎవరూ అడగలేదు. నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

"పున్ని?" అన్నాడు బాపు.

"మీరున్నరు కద" అన్నాను.

సభ మర్నాడు

నడుముకు తాడు, మొహానికి మాస్కు, చంకలో తెల్లగుడ్డ. మూడు వందల పన్నెండు మెట్లు. ఎక్కేముందు పున్ని నా పసుపు వేలు పట్టుకుని వాసన చూసి వదిలింది. బాపు మోరి కింద పీట వేసుకుని కూర్చున్నాడు. అంత బలం లేదన్న మనిషి కూర్చున్నాడు.

మూత తోసి తల బయట పెట్టాను. పైన కప్పు లేదు. ఇది చదివేవాళ్లు నవ్వుకోండి, నాకు మాత్రం పైకి పడిపోతానేమోనని భయమేసి రెండు చేతులతో గడ్డి పట్టుకున్నాను. ఎంత ఎత్తు చూసినా ఆగేచోటు లేదు. నీలం. తెర మీద చూపించే నీలం కాదు, దానికి అంచులుండేవి.

కాసేపటికి కూర్చోగలిగాను. చుట్టూ నడుమెత్తు పొదలు, ప్రతి కొమ్మకూ గుత్తులు గుత్తులుగా పసుపుపచ్చ పూలు. మా ఆడవాళ్లు కాగితపు పూలతో బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు అని ఒక పువ్వు పేరు చెప్తారు, ఎవరూ చూసింది లేదు. ఇదేనేమో. చిన్న పురుగులు గుయ్యిమంటూ తిరుగుతున్నాయి. ఒకటి నా ఎర్ర చీర మీద వాలి, నచ్చక లేచిపోయింది. అవి బతుకుతున్నాయి కదా అని మాస్కు తీశాను. గాలికి వాసన ఉంది. పంపుల వాసన తప్ప ఇంకో వాసన గాలికి ఉంటుందని నాకు తెలియదు.

గుడ్డ విప్పి పొద మీద పరిచాను. మూలల్లో నేను పెట్టిన బొట్లు పూలల్లో కలిసిపోయాయి, ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. నడుమ మాత్రం తెల్లగా నిలిచింది. ఏడ్చాను. పందొమ్మిదేళ్లకు ఏడ్చాను, తాత కళ్లకు ఏడ్చాను, ఊరికే కూడా ఏడ్చాను. అంత బాగుంది మరి.

సాయన్న జాడ వెతికాను. కనబడలేదు. కిందికి దిగాక బాపు అడగలేదు, నేనే చెప్పాను. తెచ్చిన కొమ్మ చేతికిచ్చాను. గని దీపం కింద అది బూడిద రంగు పుల్లలా ఉంది. అయినా ఆయన పీట మీద నుంచి లేవకుండా దాన్ని పట్టుకునే ఉన్నాడు.

నాకు జ్వరం రాలేదు, దగ్గు రాలేదు. ఆరు రోజులు చూస్తామన్నారు.

ఏడో రోజు

ఇవాళ పిల్లల్ని తీసుకెళ్లాం. పదకొండు మందినీ. పున్నిని వీపున కట్టుకుని మూడు వందల పన్నెండు మెట్లు ఎక్కాను, నడుము విరిగింది. తాహెరా అందరికీ నల్ల కళ్లద్దాలు తగిలించి, చేతిలో గడియారం పట్టుకుని పైకొచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది.

పిల్లలు మొదట మోరి చుట్టూ ఒకరినొకరు పట్టుకుని కదల్లేదు. పున్నిని పూల మధ్య గుడ్డ మీద కూర్చోబెట్టాను. అదే తెల్లగుడ్డ. ఉతికాను. అది కాళ్లు చాపుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, దవాఖానాలో కూర్చున్నట్టే కూర్చుంది. కళ్లు తెరువే అంటే నెమ్మదిగా తెరిచింది. పూలు చూసింది, తన చేతులు చూసుకుంది, నన్ను చూసింది. దాని మొహం నేను చూశాను, నాకది చాలు.

కొంతసేపటికి అది కళ్లద్దాలు తీసి, మడిచి, పక్క పిల్ల చేతికి ఇవ్వబోయింది. చేతుల మీద లేవడానికి చూస్తోంది.

"ఎటు పోతున్నవే?" అన్నాను.

"ఎనిమిది నిమిషాలు అయినయ్ కద. నా వంతు అయిపోయింది."

తాహెరా గడియారం చూసింది. నిజంగానే ఎనిమిది నిమిషాలు అయ్యాయి. ఆమె గడియారాన్ని జేబులో వేసుకుని అటు తిరిగి నిలబడింది.

"కూసో బిడ్డా" అన్నాను. "ఇక్కడ వంతుల్లేవు."

"అందరం ఒక్కపారే కూసోవచ్చా?"

"అందరం."

"ఎంతసేపుంటది?"

"పొద్దుగూకేదాక ఉంటదట. మల్ల రేపు వస్తదట."

అది నా మొహంలోకి చూసింది, నేను అబద్ధమాడుతున్నానేమో అని. తర్వాత కూర్చుంది.

రిజిస్టరు పైకే తెచ్చుకున్నాను, మొదటి రోజు వదిలిన జాగా ఇక్కడే నింపుతున్నాను.

ఎంచుకున్న సాఫ్ట్‌వేర్: జల్లెడ.
కారణం: పైకెక్కి చూశాను. ఫొటోలో ఉన్నట్టే ఉంది.